గంటక్క వదిలేసిన లైను

మా పిన్ని మంచి మనిషి అని రాస్తే ఈ కథ ఇక్కడే అయిపోతుంది, పైగా అది సగం అబద్ధం. పిన్ని పగ పెట్టుకునే మనిషి. స్కూల్లో తన గొడుగు తీసుకెళ్లి తిరిగివ్వని ఒకావిడ ఇప్పటికీ వీధిలో ఎదురుపడుతూ ఉంటుంది. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా, ఆమెను చూడగానే పిన్ని చేతిసంచిలోంచి గొడుగు తీసి తెరుస్తుంది. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఆవిడ తల తిప్పుకుని పోతుంది. పిన్ని గొడుగు మడిచి సంచిలో పెట్టుకుని, కడుపు నిండినట్టు నడుస్తుంది.

కాబట్టి గంటక్క విషయంలో పిన్ని పగ తీర్చుకుంటుందని నాకు ముందే తెలుసు. తీర్చుకున్నది చూసి మాత్రం, ఇంత తక్కువా అనుకున్నాను. అది తక్కువ కాదని అర్థం కావడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

పిన్ని పనిచేసేది ఊరి చివర పెద్ద లాండ్రీలో. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు. రెండు వ్యాన్లు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. అందులో ఒకటి నాది. కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ ఉద్యోగం ఇప్పించింది పిన్నే. "చదువు ఎలాగూ నడపలేకపోయావు, బండన్నా నడుపు" అంది.

లాండ్రీలో అన్నిటికంటే గౌరవం ఉన్న చోటు రోలర్. రెండు మంచాల పొడవున్న, తిరుగుతుండే ఇనుప గొట్టం, లోపల ఆవిరి. తడి దుప్పటి ఇటు అందిస్తే ఆరి, ఇస్త్రీ అయి అటు వస్తుంది. అందించడానికి ఇద్దరు కావాలి. ట్రాలీలోంచి తడి మూట ఎత్తి బల్ల మీద వెయ్యాలి. ఒక్కో దుప్పటి లాగి, చెరో మూల పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి ఒక్క విదిలింపు విదిలించి, ఇద్దరూ ఒకే క్షణంలో రోలర్ నోటికి అందించాలి. ఒకరు సగం ఊపిరి ఆలస్యం చేస్తే దుప్పటి వంకరగా పోయి మడత కాలుతుంది, మళ్లీ మొదటి నుంచి ఉతకాలి. అందుకే అక్కడ జంటలుంటాయి. కుదిరిన జంటను మార్చరు. పిన్నిది, గంటక్కది పదకొండేళ్ల జంట. మా బాబాయితో కంటే గంటక్కతోనే తనకు బాగా కుదిరిందని పిన్ని అనేది, బాబాయి ఎదురుగానే.

గంటక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. మిషన్ల హోరులో కూడా ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే గొంతు కాబట్టి ఆ పేరు. మధ్యాహ్నం తిండి దగ్గర పేపరు ఆమే చదవాలి. రేకుల షెడ్డులో రెండు బల్లలు, పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఓ మూల విడిగా కూర్చుని తినే సూపర్‌వైజరు. గంటక్క తన డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, కళ్లద్దాలు తగిలించుకుని మొదలుపెట్టేది. హత్యలు, ప్రకటనలు, రేపటి ఎండ ఎంత అన్నది. ఎవరి పిల్లల స్కూలు నోటీసైనా, కరెంటు ఆఫీసు కాగితమైనా ఆమె చేతికే. చదువు వచ్చినవాళ్లు కూడా ఆమెకే ఇచ్చేవాళ్లు. ఆ గొంతులోంచి వస్తేనే అది ఖాయం అన్నట్టు ఉండేది.

నాలుగేళ్ల కిందట గంటక్క రెండు నెలలు పనికి రాలేదు. వాళ్ల చెల్లెలి ఊరు వెళ్లి వచ్చింది. వెన్నుపూస పక్కకు జరిగిందని చెప్పింది. తిరిగొచ్చిన రోజు నుంచి తడి మూట ఎత్తడం పిన్ని వంతు అయిపోయింది. ఇద్దరూ చెరోవైపు పట్టి ఎత్తాల్సిన మూట అది. గంటక్క చెయ్యి వేసినట్టే కనపడేది, బరువంతా పిన్ని నడుం మీద పడేది. సూపర్‌వైజరు కంట పడకుండా అలా సర్దింది పిన్నే. జంట అంటే అదేగా అనేది.

ఇక్కడ ఒక రూలు సంగతి చెప్పాలి. ఎప్పుడో ఒకామె కడుపు ఆపరేషన్ అయిన నెల తిరక్కుండానే మూట ఎత్తితే కుట్లు విడి పెద్ద గొడవైంది. అప్పటి నుంచి పొట్ట ఆపరేషన్ అయిన ఆడవాళ్లెవరూ రోలర్ దగ్గర ఉండకూడదని ఓనరు కాగితం అంటించాడు. ఎన్నాళ్లకు మానుతుందో, ఎప్పటి నుంచి బరువు ఎత్తొచ్చో ఏ డాక్టరునూ అడగలేదు. జీవితంలో ఒక్క తడి దుప్పటి ఎత్తని మనిషి రాసిన రూలు. అలాంటి వాళ్లను పంపేది మురికి గదికి. ఆసుపత్రి మూటలు విప్పి, రక్తం మరకలు వేరు, మందు మరకలు వేరు, చెప్పకూడని మరకలు వేరు చేసే గది. కిటికీ ఉండదు. ఆ గదిలో పనిచేసేవాళ్లు తిండి దగ్గర కూడా దూరంగా కూర్చుంటారు, ఎవరూ చెప్పకుండానే.

పిన్నికి యాభయ్యో ఏట నెలసరి ఆగిపోయింది. పీడా పోయిందనుకుంది. ఏడాది తిరిగేసరికి వేడి మొదలైంది. గుండెల దగ్గర పుట్టి మెడ మీదుగా చెవుల్లోకి ఎక్కేది. రెండు నిమిషాలు ఒళ్లంతా నిప్పు, ఆ వెంటనే చెమట, ఆ తర్వాత చలి. రోలర్ ముందు నిలబడేవాళ్లకు బయట వేడి ఎలాగూ ఉంది, ఇప్పుడు లోపల ఇంకో రోలర్ పెట్టినట్టయింది. నిద్ర లేదు. బాబాయి ఫ్యాన్లు బాగుచేసే మనిషి. మంచానికి మూడు వైపులా మూడు ఫ్యాన్లు పెట్టాడు. నాలుగో వైపు తను పడుకున్నాడు, రెండు దుప్పట్లు కప్పుకుని, వణుకుతూ.

నిద్ర లేని చేతులు రోలర్ ముందు మాట వినవు. పదకొండేళ్లలో మూల జారవిడవని పిన్ని రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు జారవిడవడం మొదలుపెట్టింది. వంకర దుప్పట్లు గుట్ట పడ్డాయి. ఇంకో వారం చూసి జంట మారుస్తానని సూపర్‌వైజరు అన్నాడు.

మర్నాడు గంటక్క పిన్నిని మిషన్ వెనక్కి పిలిచి ఒక చీటీ పొట్లం చేతిలో పెట్టింది. ఏ హోటలువో తెలియడానికి దుప్పట్లకు కట్టే గుడ్డ చీటీ. అందులో కత్తెరతో కత్తిరించిన మాత్రల రేకు ముక్క, ఏడు మాత్రలు.

"రోజుకొకటి వేసుకో. నేను వాడుతున్నదే. నాకు పోయింది, నీకూ పోతుంది. ఎవరి దగ్గరా అనకు, అందరూ అడుగుతారు."

పోయింది. రెండు వారాల్లో వేడి సగమైంది, నెలకు పూర్తిగా పోయింది. పిన్ని పడుకుంటే తెల్లారేది. మూల జారలేదు. జంట మార్చే మాట సూపర్‌వైజరు మళ్లీ ఎత్తలేదు. వారం వారం గంటక్క ఒక చీటీ పొట్లం ఇచ్చేది, పిన్ని కళ్లకు అద్దుకుని తీసుకునేది. అక్క నాకు కొత్త ఒళ్లు ఇచ్చిందిరా అని నాతో ఎన్నిసార్లు అందో. మాత్ర పేరేమిటో అడగలేదు, పెట్టె చూడలేదు, పెట్టెలో ఉండే కాగితం అసలే చూడలేదు. కత్తిరించిన రేకు ముక్క మీద పేరులో సగం అక్షరాలే ఉండేవి.

ఏడో నెలలో ఒక రోజు, దిండు గలేబుల గుట్ట మీద కాసేపు కూర్చుని లేచింది పిన్ని. తెల్లటి గలేబు మీద ఎర్రటి మచ్చ. ముందు చూసింది గంటక్క. ఒక్క అంగలో వచ్చి ఆ గలేబు లాగి ఉతికే ట్రాలీలోకి విసిరేసింది. ఈ వయసులో ఒక్కోసారి మళ్లీ కనపడుతుందని, తన చెల్లెలికీ అలాగే అయిందని, డాక్టర్ల దగ్గరికి వెళితే లేనిపోనివి పెడతారని చెప్పింది. ఆ గొంతుతో చెప్పింది కదా, పిన్ని నమ్మింది. మచ్చలు వస్తూ పోతూ ఉన్నాయి. చీటీ పొట్లాలు కూడా వస్తూనే ఉన్నాయి. అలా మూడు నెలలు.

నాలుగో నెల మొదట్లో ఆగకుండా ఐదు రోజులు రక్తం పోయింది. అప్పుడు నా వ్యాన్ ఎక్కి, బాబాయికి చెప్పకు, ఆసుపత్రికి పోనివ్వు అంది.

ఆ లేడీ డాక్టరు పొట్టిగా, పెన్ను చెవి మీద పెట్టుకుని, ఒక్క మాట కూడా వృథా చెయ్యని మనిషి. నన్ను బయటికి పంపబోతే పిన్ని ఉండనివ్వమంది. నేను కదిలితే విరిగిపోయేలా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో మూలకు కూర్చున్నాను. ఆమె వరసగా అడిగింది. బీపీ ఉందా. ఇంట్లో ఎవరికైనా రొమ్ములో గడ్డలొచ్చాయా. కాలు వాచి, రక్తం గడ్డకట్టిందని ఎప్పుడైనా అన్నారా. కామెర్లు వచ్చాయా, గుండెనొప్పి, పక్షవాతం ఉన్నాయా. సిగరెట్టు తాగుతావా. చివరిదానికి పిన్ని నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆ తర్వాత ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. పిన్ని చీటీ పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. డాక్టరు రేకు ముక్క వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇప్పుడు నేను అడిగినవన్నీ అడిగాకే ఈ మాత్ర రాస్తాం. నిన్ను ఎవరడిగారు?"

"మా అక్క అడిగింది" అంది పిన్ని. "నిద్ర పడుతోందా అని."

"మీ అక్కకు గర్భసంచి తీసేశారా?"

లేదండీ, ఆమెకు వెన్నుపూస అంది పిన్ని. డాక్టరు తల అడ్డంగా ఊపింది. ఈ మాత్రలో ఒకటే హార్మోన్ ఉందని, అది వేడిని ఆపుతుందని, కానీ గర్భసంచి ఉన్న మనిషి ఒంట్లో లోపలి పొరను కూడా పెంచుకుంటూ పోతుందని చెప్పింది. ఆ పొరను అదుపులో పెట్టే రెండో హార్మోన్ కూడా కలిపితేనే గర్భసంచి ఉన్నవాళ్లకు ఇస్తారట. సంచి తీసేసిన వాళ్లకు పెరగడానికి పొరే ఉండదు కాబట్టి ఈ ఒక్కటి సరిపోతుందట. పొర అలా పెరుగుతూ పోతే కొందరిలో క్యాన్సర్ దాకా వెళుతుందని కూడా చెప్పింది, గొంతు మార్చకుండా.

"మాత్ర చెడ్డది కాదమ్మా. నీది కాదు, అంతే. సరిగ్గా చూసి ఇస్తే నీకూ ఇవ్వొచ్చు, భయపడాల్సింది లేదు. కానీ నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా మర్నాడే రావాలి. మూడు నెలలు ఎందుకు ఆగావు?"

వెంటనే స్కాన్ తీశారు. పొర ఉండాల్సిన దానికి మూడింతలు ఉందన్నారు. సన్నటి గొట్టంతో లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం పన్నెండు రోజులకు వస్తుందన్నారు. చీటీ పొట్లం డాక్టరే తీసుకుని సొరుగులో వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు పిన్ని వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుంది. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు ఒక్కసారిగా లెక్క కట్టడం మొదలుపెట్టింది. రెండు నెలలు చెల్లెలి ఊరు. వెన్నుపూస. మూట ఎత్తకపోవడం. ఎవరి దగ్గరా అనకు. గలేబు లాగి ట్రాలీలో విసరడం. జంట మారితే కొత్తగా వచ్చేది మూట ఎందుకెత్తవని అడుగుతుంది. నా మూల జారకుండా ఉండాలి కాబట్టి నాకు మాత్ర పెట్టింది. నేను నిద్రపోవాలని కాదు, తను రోలర్ దగ్గర ఉండాలని. ఇదంతా పిన్ని నాకు చెప్పలేదు. ముందు అద్దానికి చెప్పింది.

నాకైతే ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే వెళ్లి ఓనరుకు చెబుదాం, సాయంత్రానికల్లా మురికి గదిలో ఉంటుంది అన్నాను.

"నోరు ముయ్యి" అంది పిన్ని. "పగ నాది. కాగితం రానీ. ఎంత తీర్చుకోవాలో తెలియాలిగా."

ఆ పన్నెండు రోజులూ పిన్ని పనికి వెళ్లింది. నేను లోడ్ దించుతూ చూస్తూనే ఉన్నాను. గంటక్క చీటీ పొట్లం ఇస్తే తీసుకునేది, మాత్రలు మోరీలో పారేసేది. వేడి తిరిగొచ్చింది, ముందటి కంటే ఎక్కువగా. పిన్ని చెమటతో తడిసిపోతూ కూడా మూల జారనివ్వలేదు. ఆ పట్టు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. జంట మారితే గంటక్క తన చేతికి దూరమైపోతుంది. దూరం కావడం పిన్నికి ఇష్టం లేదు.

మొదటి రోజే మూట దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. "నడుం పట్టేసింది అక్కా. ఇవాళ నువ్వెత్తు" అంది. గంటక్క నవ్వింది, తర్వాత అటూ ఇటూ చూసింది, తర్వాత ఎత్తింది. రెండో రోజు కూడా. మూడో రోజు కూడా. ఎత్తిన ప్రతిసారీ పొట్ట మీద చెయ్యి పెట్టుకునేది. ఐదో రోజుకు గంటక్క ఇంక ఏమీ అడగలేదు. ఎత్తేది, పిన్ని ముఖంలోకి చూసేది. పిన్ని కూడా చూసేది. రోలర్ హోరులో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా, మధ్యలో తెల్ల దుప్పటి. పదకొండేళ్లు ఒకే ఊపిరితో పనిచేసిన వాళ్లు కదా, ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి చెప్పనక్కర్లేదు. గంటక్కకు అర్థమైంది. ఎంత తెలుసన్నదే అర్థం కాలేదు.

తొమ్మిదో రోజు పిన్ని నన్ను మందుల షాపుకు పంపింది. ఆ మాత్రల పెట్టె, లోపలి కాగితంతో సహా కావాలంది. మీసాలున్నవాణ్ని వెళ్లి ఆడవాళ్ల హార్మోన్ మాత్ర అడిగితే, ఎవరికని గాని, డాక్టరు చీటీ ఏదని గాని ఆ షాపువాడు అడగలేదు. తలెత్తకుండా పెట్టె ముందుకు తోశాడు. తగ్గింపు కావాలా అని మాత్రం అడిగాడు. వాడి సంగతి నేను ఇంకా మర్చిపోలేదు. పిన్ని దగ్గర నేర్చుకున్నది కొంత నాలోనూ ఉంది.

కాగితం మన భాషలోనే ఉంది, అరచేతిలో పట్టేలా పదహారు మడతలు పెట్టి, చీమకాళ్లంత అక్షరాలతో. పిన్ని మూడు రోజులు దాన్నే చదివింది. కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో లైను లైనూ పట్టుకుని. చివరికి కొన్ని లైన్లు చూడకుండా చెప్పగలిగేది. బాబాయి అడిగితే లాండ్రీలో పరీక్ష పెడుతున్నారంది.

పన్నెండో రోజు పొద్దున్నే ఆసుపత్రిలో రిపోర్టు తీసుకుంది. నేను గుమ్మం బయటే ఉన్నాను. బయటికొచ్చిన ముఖం చూసి ఏమీ తెలియలేదు. కవరు మడిచి లోపలి జేబులో పెట్టుకుని, పనికి ఆలస్యమవుతోంది పోనివ్వు అంది.

మధ్యాహ్నం నేను షెడ్డు పక్కనే వ్యాన్ తలుపులు తెరిచి మూటలు ఎక్కిస్తున్నాను. గంటక్క పేపరు తిరగేస్తోంది. పిన్ని లేచి వెళ్లి ఆ పేపరు మీద మందు కాగితం పరిచింది, మడతలన్నీ విప్పి.

"అక్కా, ఇది చదివి పెట్టు. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను. అందరికీ పనికొచ్చేదే."

గంటక్క మందు పేరు చూసింది. పెదవులు తడుపుకోవడం నాకు బయటికే కనపడింది. కానీ పద్నాలుగు మంది ఆడవాళ్లు డబ్బాలు మూసి ఆమె వైపు తిరిగారు. అన్నీ చదివే మనిషి దీన్ని ఎందుకు చదవదు? మొదలుపెట్టింది. వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి తగ్గడానికి వాడే మందు అని చదివింది. అబ్బ, నాక్కావాలి అని ఎవరో అంటే నవ్వారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు వాడకూడదు. కాళ్లలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తం గడ్డకట్టినవాళ్లు వాడకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు వాడకూడదు. అక్కడ కళ్లద్దాలు సర్దుకుంది. నవ్వులు ఆగాయి. తర్వాత, మందును పిల్లలకు అందకుండా పెట్టాలి, ఎండ తగలని చోట ఉంచాలి అని చదివి కాగితం మడవబోయింది.

"ఒక లైను వదిలేశావు అక్కా" అంది పిన్ని.

పిన్ని కాగితం మీద ఆ చోట వేలు పెట్టింది.

"రక్తస్రావం తర్వాత లైను. లావు అక్షరాల్లో ఉంది. కళ్లద్దాలు లేకపోయినా నాకు కనపడుతోంది."

గంటక్క కాగితం మళ్లీ విప్పింది. చిన్నగా చదువుదామని చూసింది కాబోలు. కానీ ఆ గొంతుకు చిన్నగా అంటే తెలియదు. పుట్టినప్పటి నుంచీ పెద్ద గొంతు, షెడ్డు రేకులకు తగిలి సూపర్‌వైజరు బల్ల దాకా వెళ్లింది.

"గర్భసంచి ఉన్న స్త్రీలు ఈ మాత్రను ఒక్కదాన్నే వాడకూడదు. ఇది గర్భసంచి తొలగించిన స్త్రీల కోసం."

నేను ఊహించింది అక్కడితో అయిపోవాలి. కానీ మడతల బల్ల దగ్గర పనిచేసే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ, మాట్లాడితే వినపడనంత మెత్తటి మనిషి, తన పర్సు తెరిచి గుడ్డ చీటీ పొట్లం బల్ల మీద పెట్టింది. "నాకూ ఇదే ఇస్తున్నావు కదక్కా, నువ్వు వాడుతున్నదేనని. రెండు నెలల నుంచి" అంది. పిన్ని ముఖం చూశాను. ఆ సంగతి పిన్నికి తెలియదు. పదకొండేళ్లలో మొదటిసారి పిన్ని గంటక్క వైపు కాకుండా ఇంకోవైపు చూసింది. తర్వాత ఆ పొట్లం తీసుకుని తన జేబులో వేసుకుని, రేపు నాతో డాక్టరు దగ్గరికి వస్తున్నావు అని ఆ వదినకు చెప్పింది. అడగలేదు, చెప్పింది.

మాటలన్నీ ఒకేసారి లేచాయి. అయితే ఈమె వాడుతోంది కదా, అయితే ఈమెకు తీసేశారా, ఎప్పుడు, వెన్నుపూస అంది కదా. సూపర్‌వైజరు మాత్రం నెమ్మదిగా డబ్బా మూత పెట్టుకున్నాడు. గంటక్క లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. పిన్ని వెనకే వెళ్లింది. ఆ కుళాయి నా వ్యాన్‌కు అడుగు దూరం.

"నీకు చెప్పాలంటే నాది చెప్పాలే" అంది గంటక్క. నీళ్లు వదిలేసి ఉన్నాయి, ఆ చప్పుడులో కూడా వినపడింది. "డాక్టరు నాకు చెప్పింది, నాకు గుర్తుంది. కానీ నాది చెబితే మురికి గది. నువ్వు మూల వదిలేస్తున్నావు, వాడు జంట మారుస్తానంటున్నాడు. ఏం చెయ్యను? ఏమీ కాదులే అనుకున్నా."

"మురికి గదికి తలుపుంటుంది అక్కా" అంది పిన్ని. "సాయంత్రం బయటికొస్తారు."

గంటక్క పిన్ని చెయ్యి పట్టుకుంది. నిన్ను ఎక్కించుకుని మీవాడు ఆసుపత్రి వైపు బండి తిప్పడం చూశాను, ముక్క పరీక్షకు పంపే ఉంటారు కదా, ఏమొచ్చింది, చెప్పవే అంది. నాలుగుసార్లు అడిగింది. పిన్ని చెయ్యి విడిపించుకుని, కుళాయి కట్టేసి వచ్చేసింది.

మర్నాడు బోర్డు మీద గంటక్క పేరు మురికి గది కింద ఉంది. ఓనరును ఎవరూ ఏమీ అడగలేదు. ఆపరేషనయిన నాలుగేళ్లకు ఆమె మూట ఎత్తొచ్చని, పిన్ని చెయ్యి వెయ్యని ఆ పన్నెండు రోజులూ ఎత్తనే ఎత్తిందని, ఏమీ కాలేదని, నేనే సూపర్‌వైజరుతో అన్నాను. నీకు డ్రైవింగ్ రూల్స్ వచ్చు, అవి చూసుకో అన్నాడు. ఆ కాగితం అంటించకపోయి ఉంటే గంటక్క దాచేదే కాదు, పిన్ని ఆ మాత్ర మింగేదే కాదు. ఆ పగ ఎవరు తీర్చుకోవాలో నాకు ఇంకా తేలలేదు. అది తేలేదాకా రూలు కాగితం గోడ మీద ఉంటుంది.

రిపోర్టు సంగతి పిన్ని నాకు అది తెచ్చుకున్న సాయంత్రమే చెప్పింది. పొర బాగా మందమైంది గాని క్యాన్సర్ కణాలేమీ లేవు. రెండో హార్మోన్ మాత్రలు ఆరు నెలలు రోజూ వేసుకోవాలి, తర్వాత మళ్లీ ముక్క తీసి చూస్తారు. పొర మామూలుకు వస్తే, అప్పటికీ వేడి బాధ ఉంటే, పిన్నికి తగ్గట్టు రెండూ కలిసిన మందు, సరిపోయినంత తక్కువ మోతాదులో, ఏడాదికోసారి చూసుకుంటూ ఇస్తామంది డాక్టరు. మడతల వదినకు అదృష్టం, రెండు నెలలే కాబట్టి స్కాన్‌లో ఏమీ లేదు. ఇంట్లో మూడు ఫ్యాన్లూ మళ్లీ తిరుగుతున్నాయి. బాబాయి మూడో దుప్పటి కొనుక్కున్నాడు.

రోలర్ దగ్గర పిన్నికి కొత్త జంట వచ్చింది. చేతులు పొట్టి, విదిలింపు తెలియదు. దుప్పట్లు వంకర పోతున్నాయి. పిన్ని ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మూట ఇద్దరూ చెరోవైపు పట్టి ఎత్తుతారు.

గంటక్క మాత్రం రోజూ అడుగుతోంది. మురికి గది తలుపు నా వ్యాన్ ఆగే చోటికి ఎదురుగానే ఉంది. నేను ఆసుపత్రి మూటలు దించుతుంటే చేతులకు రబ్బరు తొడుగులతో బయటికొస్తుంది. ఇప్పుడు ఆమె గొంతు తగ్గింది. తిండి దగ్గర పేపరు ఎవరూ చదవడం లేదు.

"బాబూ, దాని రిపోర్టు ఏమొచ్చింది? మంచిదేనా? మంచిదేనని ఒక్క ముక్క చెప్పు చాలు."

మూడు వారాలు తప్పించుకున్నాను. నిన్న మాత్రం ఆమె కళ్ల కింద నలుపు చూసి, రాత్రి పిన్నిని అడిగాను. చెప్పేద్దామా, ఆమెకు నిద్ర పట్టడం లేదట అన్నాను.

పిన్ని తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది. వేడి అప్పుడే వచ్చి పోయింది. సంచిలోంచి గొడుగు తీసి తెరిచినప్పుడు ఉండే ముఖమే.

"ఆరు నెలల తర్వాత నా రెండో రిపోర్టు వస్తుందిగా" అంది. "అప్పుడు రెండూ కలిపి చెబుతా. అప్పటిదాకా మొయ్యనీ. నేను నాలుగేళ్లు మోశాను."

ఈ పొద్దున వ్యాన్ ఆపగానే గంటక్క తలుపు తీసుకుని వచ్చింది. నేను ఇంజను ఆపలేదు. మూటలు దించి, సంతకం తీసుకుని, పిన్నినే అడుగక్కా అని బండి తిప్పేశాను. అద్దంలో చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉంది, మూట రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని.